రూపాయిలో ఎంత నొప్పి? సర్జికల్ వార్డులో కొత్తగా చేరిన సిస్టర్లకు

సర్జికల్ వార్డులో నాకు ఇరవై రెండేళ్లు నిండాయి. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు మొదటి వారం నేను అప్పగించే పని ఒకటే: ఆపరేషన్ అయి వచ్చిన మనిషిని నొప్పి గురించి అడిగి రమ్మంటాను. ఇదీ ఒక పనేనా అన్నట్టు చూస్తారు. మంచం దగ్గరికి వెళ్లి "నొప్పి ఉందా?" అంటారు, "ఉంది" అనగానే కేస్ షీట్‌లో రాసి ఉన్న ఇంజెక్షన్ చేసి వచ్చేస్తారు. అడగడంలో ఒక తప్పు, ఇవ్వడంలో ఒక తప్పు. పొట్ట కోసిన మనిషిని నొప్పి ఉందా అంటే ఉందనక ఏమంటాడు? ఇంకొకాయన డాక్టరు గారు ఇంకో రెండు రోజులు ఉంచేస్తారేమోనని లేదంటాడు. ఈ రెండు జవాబులతోనూ మనం చేయగలిగింది లేదు.

పుస్తకంలో ఉన్న పద్ధతి సున్నా నుంచి పది దాకా అంకె చెప్పించడం. అసలు లేకపోతే సున్నా, ఇంతకు మించి ఉండదనుకుంటే పది. చదువుకున్నవాళ్లతో ఇది బాగానే సాగుతుంది. మా వార్డులో సగం మంది "వంద ఉంది తల్లీ" అంటారు. ఒక పెద్దాయనను "పదికి ఎంత?" అని అడిగితే "పదింటికి కాదమ్మా, తెల్లవారుజామునే మొదలైంది" అన్నాడు. ఆ రోజు నుంచి నేను రూపాయి లెక్కకు మారాను. "ఇక ఓర్చుకోలేను అనిపించే నొప్పి రూపాయి అనుకోండి. ఇప్పుడు మీకున్నది ఎంత?" అంటే డెబ్బై ఏళ్ల అవ్వ కూడా తడుముకోకుండా "అర్ధ రూపాయి ఉంటుంది" అని చెప్తుంది. పావలా అంటే చార్టులో 3 వేస్తాను, అర్ధ రూపాయికి 5, ముప్పావలాకు 8. ఇందులో ఒక చిక్కుంది. "పావలా" అన్నప్పుడు పావలా ఉందా, పావలా తగ్గిందా? మనవాళ్లు తగ్గినదే ముందు చెప్తారు. పావలా తగ్గిందంటే ఇంకా ముప్పావలా ఉన్నట్టు. మళ్లీ అడగకుండా 3 అని రాసేస్తే ఆ రాత్రంతా ఆ మనిషికి నరకమే.

ఒక మనిషికి ఒక కొలతే వాడాలి. పగలు రూపాయి, రాత్రి బొమ్మలు అయితే తగ్గిందో పెరిగిందో ఎవరికీ అంతుపట్టదు. మూడేళ్లు దాటిన పిల్లలకు ముఖాల బొమ్మల చార్టు ఉంది, వాంగ్, బేకర్ అనే ఇద్దరు అమెరికన్లు 1983లో తయారుచేసింది. అంతకంటే చిన్నవాళ్ల విషయంలో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకుంటున్నారా లేదా అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తాం. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లకూ ఇలాంటి కొలతే ఉంది. వాళ్ల నుదుటి ముడతలు, బిగించిన పిడికిలి, మూలుగు చూడాలి. దగ్గర ఉండే కోడల్నో కొడుకునో "ఇంట్లో నొప్పి చేస్తే ఈయన ఎలా ఉంటారు?" అని అడిగితే చాలా సంగతులు బయటపడతాయి. "మా మామగారు నొప్పి చేస్తే మాట్లాడరండీ, గోడవైపు తిరిగి పడుకుంటారు" అని ఒకావిడ చెప్పింది. ఆయన విషయంలో నాకు అదే కొలత అయింది.

ఇక అడగాల్సింది ఒక్కసారి కాదు, రెండుసార్లు. కదలకుండా పడుకున్నప్పుడు ఎంత, దగ్గినప్పుడు ఎంత? నా లెక్కలో రెండో అంకెదే విలువ. పొట్ట ఆపరేషన్ అయిన మనిషి చెక్కలా వెల్లకిలా పడుకుని "ఇరవై పైసలు" అంటాడు, మనం సంతోషపడతాం. కూర్చోబెట్టి దగ్గమంటే రూపాయి. అందుకే అతను దగ్గడు, గట్టిగా గాలి పీల్చడు. మూడో రోజుకు కఫం పేరుకుని జ్వరం వస్తుంది. మనం మందులిచ్చేది నొప్పిని సున్నా చేయడానికి కాదు, మనిషి దగ్గగలగాలి, పక్కకు తిరగగలగాలి, మర్నాడు నాలుగడుగులు వేయగలగాలి. కదిలినప్పుడు 4 దాటితే ఏదో ఒకటి చేయాలని నేను లెక్క పెట్టుకుంటాను.

అంకె తర్వాత మాట. ఈ విషయంలో మన తెలుగు నర్సులు అదృష్టవంతులు. నొప్పికి మన దగ్గర ఉన్నన్ని మాటలు పుస్తకాల్లో నాకు కనబడలేదు. "ఎలా ఉంది?" అని అడిగి నోరు మూసుకుని వినండి. మీరే మాట అందించకండి, అందిస్తే దానికే తలూపుతారు. కోత దగ్గర కదిలినప్పుడు కలుక్కుమంటే అది కోత నొప్పి, ఊహించినదే. సలుపుతోంది అంటే, అదీ మూడు నాలుగు రోజులయ్యాక అంటే, డ్రెస్సింగ్ విప్పించి చూడాల్సిందే. ఎర్రబడిందా, వేడిగా ఉందా, లోపల చీము పడుతోందా? పొట్టలో మెలిపెట్టి వదులుతోందంటే పేగులు కదులుతున్నాయేమో, గాలి పోతోందా అని అడగాలి. జివ్వుమని లాగుతోంది, దుప్పటి తగిలినా మంటగా ఉంది అంటే నరం సంగతి. దానికి మామూలు నొప్పి మందు అంతగా పనిచేయదు, డాక్టరు వేరే మందు రాయాలి. కాళ్లు తీపులంటే చాలాసార్లు ఒకే భంగిమలో పడుకోవడం వల్ల. కానీ ఒక్క పిక్కలోనే నొప్పి, వాపు, వేడి ఉంటే రక్తం గడ్డ కట్టిందేమోనని అనుమానించి డాక్టరును పిలవాలి. ఆ పిక్కను మర్దన చేయకూడదు, తాలూకు వాళ్లనూ చేయనివ్వకూడదు.

ఎక్కడ అన్నది వేలితో చూపించమనాలి. "మంటగా ఉందమ్మా" అని ఒకావిడ రెండు గంటలు ఏడిస్తే కోత దగ్గర మంట అనుకుని మావాళ్లు ఒక ఇంజెక్షన్ చేశారు. వేలితో చూపించమంటే సూది గుచ్చిన చెయ్యి చూపించింది. సెలైన్ నరం దాటి బయటికి పోయి చెయ్యి ఉబ్బి ఉంది. కెమెరా పెట్టి గాల్‌బ్లాడర్, అంటే పిత్తాశయం తీసినవాళ్లు భుజం చూపిస్తారు. పొట్ట ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం పొరను రేపడం వల్ల వచ్చే నొప్పి అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీ పట్టేసినట్టుండటం కనిపిస్తే మాత్రం గ్యాస్ అని సర్దిచెప్పకుండా ఇసిజి తీయించండి. షుగరున్న వాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.

ఇంజెక్షన్ తీసే ముందు ఒక్క నిమిషం ఆగి, ఈ నొప్పి ఇక్కడ, ఇప్పుడు, ఇంత ఉండాల్సినదేనా అని మనసులో ప్రశ్నించుకోవాలి. ఈ అలవాటు నాకు ఇద్దరు నేర్పారు.

మొదటివాడు గిలక బీమారుతో, అంటే హెర్నియా ఆపరేషన్‌తో వచ్చిన అరవై ఏళ్ల రైతు. నడుముకు మత్తు ఇచ్చి చేశారు. రాత్రి తొమ్మిదింటికి మూలుగుడు మొదలు. ట్రమడాల్ అనే నొప్పి మందు ఇచ్చారు. పదిన్నరకు మంచం పట్టె పట్టుకుని అటూ ఇటూ దొర్లుతున్నాడు, కొడుకు వచ్చి నా మీద గొంతు పెంచాడు. ఇంకో ఇంజెక్షన్ చేయబోయి దుప్పటి తీశాను. బొడ్డు కింద గుమ్మడికాయ పెట్టినట్టుంది. తట్టితే మొద్దుగా శబ్దం. "బాబాయ్, ఒంటికి ఎప్పుడు వెళ్లావు?" అంటే పొద్దున థియేటర్‌కు పోయేముందు అన్నాడు. ట్యూబు వేస్తే తొమ్మిది వందల మిల్లీలీటర్లు వచ్చింది. సగం దిగేసరికే ఆయన కళ్లు మూసుకుని "అమ్మయ్య" అన్నాడు. నడుముకు మత్తిచ్చిన ప్రతి మనిషి విషయంలోనూ ఆరు గంటల లోపు మూత్రం వెళ్లిందా అని చూడటం అప్పటి నుంచి నాకు నియమం. వయసు మీరిన మగవాళ్లయితే ఇంకా ముందే.

రెండోవాడు బండి మీద నుంచి పడి కాలి ఎముక విరిగిన ఇరవై ఏళ్ల కుర్రాడు. రాడ్ వేశారు. రెండు ఇంజెక్షన్లకు కూడా నొప్పి తగ్గలేదు, ఇంకా పెరిగింది. "ఓర్వలేని పిల్లాడు" అని ఎవరో అన్నారు. కాలి బొటనవేలిని నేను మెల్లగా పైకి వంచితే మంచం మీద నుంచి ఎగిరిపడ్డాడు. పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. కండరాల అరలో ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోతుండటం అది. కట్టు వదులు చేసి, కాలిని దిండు మీద నుంచి దించి గుండె ఎత్తుకు సమానంగా ఉంచి, ఆర్థో డాక్టరును నిద్ర లేపాం. గంటలో మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి కోసి ఒత్తిడి తీశారు, కాలు దక్కింది. పాదంలో నాడి అందుతోందని నిశ్చింతగా ఉండకండి, ఈ జబ్బులో నాడి ఆఖరున పోతుంది. గాయానికి మించిన నొప్పి, మందుకు లొంగని నొప్పి, వేలు వంచితే భరించలేని నొప్పి: ఈ మూడూ కలిస్తే ఆలస్యం చేయకూడదు. పేగు కుట్టిన వాళ్లకు తగ్గుతూ వచ్చిన నొప్పి నాలుగో రోజో ఐదో రోజో ఉన్నట్టుండి పెరిగి, నాడి 110 దాటిందంటే అదీ ఇలాంటి కబురే.

మందుల సంగతి. మందు రాసేది డాక్టరు, వేళకు ఇచ్చేది మనం. ఆ వేళలోనే సగం వైద్యం ఉంది. "అడిగితే ఇద్దాం" అనుకుంటే నొప్పి మందును దాటి పరుగెత్తుతుంది. మొదటి రెండు రోజులు గడియారం చూసి ఇవ్వాలి. నడుము మత్తు సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో దిగుతుంది. కాలి వేళ్లు ఆడించడం మొదలుపెట్టారంటే నొప్పి బయలుదేరిందని లెక్క, అది వచ్చేలోపు మొదటి మోతాదు పడాలి. అందుకే థియేటర్ నుంచి మనిషిని తీసుకునేటప్పుడే ఏ మత్తు, ఆఖరి నొప్పి మందు ఏది, ఎన్ని గంటలకు అని అడిగి రాసుకోండి. రాయలేదంటే స్ట్రెచర్‌ను కదలనివ్వకండి, మొహమాటపడకండి.

పునాది పారాసిటమాల్. వంద మిల్లీలీటర్ల సీసాలో ఒక గ్రాము ఉంటుంది, పదిహేను నిమిషాల్లో ఎక్కించాలి, ఆరు గంటలకొకసారి. కానీ ఆ సీసా యాభై కిలోలు దాటిన మనిషికి. మన పల్లెల నుంచి వచ్చే అవ్వలు నలభై రెండు కిలోలు కూడా ఉండరు. కిలోకు పదిహేను మిల్లీగ్రాముల చొప్పున 630 మిల్లీగ్రాములు, అంటే అరవై మూడు మిల్లీలీటర్ల దగ్గర ఆపాలి. సీసా మొత్తం పోనిస్తే అది లివర్ మీద భారం. మాత్రలు మొదలుపెట్టాక ఇంకో ప్రమాదం ఉంది. ట్రమడాల్‌తో, అసిక్లోఫెనాక్‌తో కలిపిన మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. అట్ట వెనక చదివి రోజు మొత్తం కూడండి. యాభై కిలోలు దాటిన మనిషికైనా నాలుగు గ్రాములు దాటకూడదు.

డైక్లోఫెనాక్ మంచి మందే. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం కారే స్వభావం, ఆస్తమా ఉన్నాయేమో చూసుకోవాలి. మూత్రం తక్కువగా వస్తున్న మనిషికి ఇచ్చే ముందు డాక్టరును అడగాలి. ఇంజెక్షన్ చేస్తే పిరుదు పై బయటి భాగంలో, లోతుగా. చేతికి చేయకండి. ట్రమడాల్ ఒక్కసారిగా తోస్తే వాంతి ఖాయం, ఆ వాంతికి కుట్లు లాగి ఇంకా నొప్పి. సెలైన్‌లో కలిపి మెల్లగా ఇవ్వండి. రోజుకు 400 మిల్లీగ్రాములు గరిష్ఠం. ఫిట్స్ ఉన్నవాళ్లకు, డిప్రెషన్ మందులు వాడేవాళ్లకు ముందుగా డాక్టరు చెవిన వేయాలి. పాలిచ్చే తల్లులకు ట్రమడాల్, కోడీన్ వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వాడొచ్చు. సిజేరియన్ అయిన అమ్మాయికి బిడ్డ పాలు తాగేటప్పుడే పొత్తికడుపు పట్టేస్తుంది, గర్భసంచి ముడుచుకోవడం అది. పాలివ్వడానికి అరగంట ముందు మాత్ర వేస్తే బిడ్డను దగ్గరికి తీసుకోవడానికి భయపడదు. "కన్నతల్లివి, ఓర్చుకోవాలి" అని నీతులు చెప్పే పెద్దావిడ ప్రతి మంచం పక్కనా ఉంటుంది. ఆవిడను కాఫీకి పంపండి.

మార్ఫిన్ దగ్గరికి వస్తే మనవాళ్లకు రెండు భయాలు. ఒకటి రిజిస్టరు భయం: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, రెండు తాళాలు, ఖాళీ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) లెక్క. 2014 సవరణతో ఆసుపత్రులకు నియమాలు సులువయ్యాయి, లెక్క మాత్రం తప్పదు, తప్పకూడదు. రెండోది అలవాటైపోతుందన్న భయం. నాలుగు రోజుల కోత నొప్పికి, రాసిన మోతాదులో, మన కళ్ల ముందు ఇస్తున్నదాన్ని ఆ భయంతో ఆపడం అన్యాయం. నిజంగా భయపడాల్సింది ఊపిరి గురించి.

ఒక సన్నివేశం చెప్తాను. రాత్రి రెండు గంటలు. మార్ఫిన్ పడి గంటయింది. భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. "ఎలా ఉన్నారమ్మా?" అంటే ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడే హాయిగా గురక పెట్టి నిద్రపోతున్నారు సిస్టర్, లేపకండి." నేను లేపాను. భుజం తట్టి పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి, "నొప్పి తగ్గి..." అంటూ మాట మధ్యలోనే మళ్లీ జోగాడు. దుప్పటి తీసి పొట్ట, ఛాతీ చూస్తూ నిమిషమంతా ఊపిరి లెక్కపెట్టాను. ఏడు. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టిన మిషన్ మాత్రం తొంభై ఏడు చూపిస్తోంది, ఆక్సిజన్ పెట్టి ఉంది కదా. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి విషయంలో ఆ అంకెను నమ్మి నిద్రపోకూడదు. లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా అది బాగానే కనిపిస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన వరుస ఇది: ముందు మత్తు పెరుగుతుంది, తర్వాత ఊపిరి తగ్గుతుంది. మాట మధ్యలో నిద్రలోకి జారితే అక్కడే ఆపాలి, తర్వాతి మోతాదు ఇవ్వకూడదు, డాక్టరుకు చెప్పాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించే అలవాటు ఈ మనుషుల దగ్గర పనికిరాదు. ఊపిరి పదికి తగ్గితే కదలకుండా పక్కనే ఉండాలి. ఎనిమిదికి తగ్గితే తల వెనక్కి వంచి దవడ ఎత్తి దారి తెరిచి, పేరు పెట్టి పిలుస్తూ "గాలి పీల్చండి" అని చెప్తూ, ఆక్సిజన్ పెంచి, డాక్టరును పిలిపించి, మార్ఫిన్‌ను విరిచే నలోక్సోన్ సిద్ధం చేయాలి. 0.4 మిల్లీగ్రాముల ఆంప్యూల్‌ను సెలైన్‌తో పది మిల్లీలీటర్లు చేసి, డాక్టరు చెప్పినట్టు రెండు నిమిషాలకు ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున ఇస్తాం. మొత్తం ఒకేసారి తోస్తే నొప్పి అంతా తిరిగొచ్చి మనిషి లేచి కూర్చుని అరుస్తాడు, బీపీ ఎగిరిపోతుంది. ఇంకో మాట, నలోక్సోన్ అరగంట నుంచి గంటన్నరలో దిగిపోతుంది, మార్ఫిన్ అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. లేచాడు కదా అని వెళ్లిపోతే మళ్లీ జోగుతాడు. ఆ రాత్రి నేను స్టూలు అక్కడే వేసుకున్నాను. తెల్లారాక ఆయన భార్య ఇడ్లీలు తెచ్చింది.

మందు ఇచ్చాక తిరిగి వెళ్లి అడగడం అందరూ వదిలేసే పని. నరానికి ఇచ్చింది అరగంటకు, మాత్ర గంటకు చూడాలి. ఫోనులో అలారం పెట్టుకున్నా తప్పులేదు. "నొప్పి అంటే ఇంజెక్షన్ ఇచ్చాను" అని రాస్తే తర్వాతి డ్యూటీకి ఏమీ తెలియదు. నేను ఇలా రాయిస్తాను: ఉదయం 6.10, కదలకుండా 3, దగ్గితే 8, కోత దగ్గర కలుక్కుమంటోంది, మందు పేరు, మోతాదు. 6.40, దగ్గితే 4, ఊపిరి 16, మెలకువగా ఉన్నారు, కూర్చోబెట్టాం.

మందు కాని పనులు చిన్నవే, కానీ రోజంతా ఉండేవి. పొట్ట కోసినవాళ్లకు తల వైపు కొంచెం ఎత్తి మోకాళ్ల కింద దిండు పెడితే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. దగ్గేటప్పుడు దుప్పటి మడిచి రెండు చేతులతో కోతకు అదిమి పట్టుకోవాలి. మంచం దిగేటప్పుడు నిటారుగా లేవకూడదు, ముందు పక్కకు దొర్లి, కాళ్లు కిందికి జార్చి, మోచేతి బలంతో లేవాలి. ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతుల గొట్టం ఇస్తాం కదా, పదిమందిలో ఆరుగురు దాన్ని బుడగ ఊదినట్టు ఊదుతారు. ఊదడం కాదు, స్ట్రాతో మజ్జిగ పీల్చినట్టు లోపలికి పీల్చాలి. చేసి చూపించండి. ఆపరేషన్‌కు ముందు రోజే చూపిస్తే మరీ మంచిది, నొప్పిలో ఎవరికీ పాఠం ఎక్కదు.

ఇంటికి పంపేటప్పుడు మాత్రల అట్టల మీదే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గుర్తు వేసి ఇవ్వండి, చీటీ బస్సులోనే పోతుంది. మెడికల్ షాపులో ఇంకో నొప్పి మాత్ర అడిగి కలిపి వేసుకోవద్దని విడిగా చెప్పండి. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గినది మళ్లీ పెరిగినా, సలుపు మొదలైనా, చలిజ్వరం వచ్చినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా చెక్ అప్ తేదీ కోసం ఆగకుండా వచ్చేయాలి. ఇవన్నీ మనిషికి ఒకసారి, వంట చేసి పెట్టేవాళ్లకు ఒకసారి చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోండి.